సైరంధ్రి గుర్తుంది, బీబీ గుర్తులేదు

నేలకొండపల్లికి కొత్తగా వెళ్లినవాళ్లకు ఊరివాళ్లు ముందుగా చూపించేది విరాటరాజు గడ్డ. పాండవులు అజ్ఞాతవాసం గడిపింది ఇక్కడేనని, కీచకుణ్ని భీముడు మట్టుబెట్టిందీ ఇక్కడేనని తాతముత్తాతల నుంచీ చెప్పుకొంటున్నారు. పురావస్తు శాఖ తవ్వితే బయటపడినవి బౌద్ధ స్తూపం, విహారాల పునాదులు. అయినా ఊరి నోట కథ మారలేదు. ఆ కథకు నడుమ నిలబడేది ద్రౌపది. రాజ్యం పోయి, పేరు దాచుకొని, సైరంధ్రిగా ఇంకో రాణికి తల దువ్వి పూలు కట్టిన ఆడమనిషి. పని చేసే ఇంట్లోనే ఆమె మీద కన్నేసినవాడు కీచకుడు. నిండు సభలో ఆమె మొర విని కూడా కదలనివాడు విరాటుడు. దేశం విడిచిన బతుకు, దాస్యం, ఆడదాని ఒంటి మీద మగవాడి అధికారం, ఈ మూడూ ముడిపడిన కథను నేలకొండపల్లి తన సొంత కథగా దాచుకుంది.

ఈ ఊళ్లోనే పుట్టినవాడు కంచర్ల గోపన్న. పాల్వంచ పరగణాకు తహసీల్దారై, వసూలైన శిస్తుతో భద్రాచలంలో గుడి కట్టించి, తానీషా కాలంలో గోల్కొండ బందీఖానాలో పన్నెండేళ్లు మగ్గాడని జనం చెప్పుకొనే రామదాసు ఆయనే. పేరులోనే దాస్యం ఉంది. ఆయన ఎంచుకున్న దాస్యం దేవుడిది. చెరసాల మాత్రం ఆయన ఎంచుకున్నది కాదు. ఆ చెర మీద కీర్తనలు వచ్చాయి, హరికథలు వచ్చాయి, సినిమాలు వచ్చాయి. గోల్కొండ కోటకు వెళ్లిన ప్రతి తెలుగువాడూ ఆ చీకటి గదిలోకి తొంగిచూసి చెయ్యెత్తి మొక్కి వస్తాడు.

చెరను, పరాయి పంచన బతకడాన్ని ఇంత శ్రద్ధగా గుర్తుపెట్టుకున్న ఈ నేల మీదే ఇంకో వాదన బలంగా పాతుకుపోయింది. సభల్లో వినిపిస్తుంది, పుస్తకాల ముందుమాటల్లో కనిపిస్తుంది, చదువుకున్నవాళ్ల మాటల్లోనూ దొర్లుతుంది. ఇక్కడి ముస్లింలు ఏలినవాళ్ల సంతతి, కాబట్టి బానిసత్వమూ దేశాంతరమూ వాళ్ల చరిత్రలో లేవు అన్నది అందులో మొదటి మాట. మనుషులను ఓడల్లో వేసి అమ్ముకోవడం అమెరికా, ఆఫ్రికాల సంగతే తప్ప తెలుగు తీరానికి తెలియదన్నది రెండో మాట. ముస్లిం ఆడవాళ్లు పరదా చాటున బతికారు, అందుకే రాద్దామన్నా ఆధారాలు దొరకవన్నది మూడోది. ఈ మూడో మాట అన్నింటికన్నా మెత్తగా ఉంటుంది. ఎక్కువ నష్టం చేసిందీ అదే.

మూడూ తప్పే.

ఏలిన సంతతి అనే మాటను కాదనడానికి పాత గ్రంథాలు వెతకక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లో వెనుకబడిన ముస్లింలకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇస్తూ చట్టం చేసి, బీసీ-ఇ జాబితాలో పద్నాలుగు సమూహాలను చేర్చింది. ఆ జాబితాను ఒక్కసారి నిదానంగా చదవాలి. అత్తరు సాయిబులు, చాకలి ముస్లింలు, ఫకీర్లు, గారడీ సాయిబులు, ఎలుగుబంట్లను ఆడించే గుడ్డి ఎలుగువాళ్లు, హజాములు, రాళ్లు కొట్టే తురక కాశలు. అందులోనే ఒక వరుసలో సిద్ది, యాబ, హబ్షీ, జాసి అన్న పేర్లున్నాయి. ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ల సంతతికి పెట్టిన పేర్లివి. దూదేకులవాళ్లు అంతకు ముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. దూది ఏకి పరుపులు కుట్టే ఇంటికీ, నవాబు దేవిడీకీ నడుమ ఉన్న దూరం ఖమ్మం బజారులో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా చరిత్ర మాట వచ్చేసరికి ఆ దూరం చెరిగిపోయి, అందరూ ఒకే సింహాసనం వారసులైపోతారు. ఏలినవాడి మతం ఏలుబడిలో నలిగినవాడి మీద కూడా పడి, వాడి నలుగుబాటును కనపడకుండా చేసింది.

సింహాసనం పక్కన కూర్చున్న ఆడవాళ్ల సంగతైనా ఇంతకన్నా నిలకడగా ఉందా? మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు హయాత్ బక్షీ బేగం గోల్కొండలో మూడు తరాల రాజకీయం నడిపింది. హయత్‌నగర్ ఆమె పేరే. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు శత్రువు గుడారానికి వెళ్లి మాట్లాడింది ఆమె. ఆ సంధిలో ఒక షరతుగా అబ్దుల్లా కుతుబ్ షా కూతురు ఔరంగజేబు పెద్దకొడుకు మహమ్మద్ సుల్తాన్‌కు భార్యగా వెళ్లింది. నాయనమ్మ పేరు ఊరి పేరుగా నిలిచింది. మనవరాలు సంధిపత్రంలో ఒక వాక్యమైంది. రాచకూతురి గతే అలా ఉంటే కోట కింద బతికినవాళ్ల గతి చెప్పేదేముంది? గోల్కొండ చూసి వెళ్లిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే, దారోగా దఫ్తరులో పేరు రాయించుకున్న వేశ్యలు ఇరవై వేలకు పైమాటేనని రాశాడు. అంకె పెంచి చెప్పాడనే అనుకుందాం. అంకె మీద అనుమానం ఉండొచ్చు గానీ దఫ్తరు మీద అనుమానం అక్కర్లేదు. పేరు ఎక్కించుకోకుండా ఏ ఆడదీ ఆ పని చేయరాదన్నది రాజ్యం పెట్టిన నియమం. అంటే ఆధారం పుట్టింది. ఒక్కొక్క పేరూ కాగితం మీద పడింది. ఆ పేర్లతో రాజ్యానికి పని ఉంది. తర్వాత వచ్చిన చరిత్రకారులకు వాటితో పని లేకపోయింది.

ఇక తీరం సంగతి.

నేలకొండపల్లి ఉన్న ఖమ్మం జిల్లాలోనే చింతకాని మండలంలో నాగులవంచ ఉంది. డోర్నకల్ నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో చిన్న స్టేషను. 17వ శతాబ్దం రెండో సగంలో, అంటే గోపన్న భద్రాచలం గుడి పనుల్లో తలమునకలైన రోజులకు అటూఇటూగా, ఈ నాగులవంచలో డచ్ ఈస్టిండియా కంపెనీ కోఠీ నడిచింది. డచ్ కాగితాల్లో దాని పేరు నాగెల్‌వాంజె. మచిలీపట్నం రేవుకూ గోల్కొండకూ నడుమ నేతబట్ట కొనడానికి పెట్టుకున్న మజిలీ అది. కంపెనీలో ఏళ్లపాటు పనిచేసిన డానియల్ హావర్ట్ అనే ఉద్యోగి 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కోరమండల్ ఉత్థాన పతనాల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. పారసీ నేర్చి సాదీ ‘బూస్తాన్’ను డచ్‌లోకి మార్చినవాడాయన. రామదాసు కాలం ఎలా ఉండేదో తెలుసుకోవాలనే తెలుగు పాఠకుడికి కీర్తనలు ఎంత అవసరమో ఆ గ్రంథమూ అంతే అవసరం. అది ఇప్పటిదాకా తెలుగు పాఠకుడి చేతికి అందలేదు.

ఆ కంపెనీ బట్టతోపాటు మనుషులనూ కొన్నది. నాగులవంచ నుంచి ఫలానా ఇంటి ఆడపిల్లను తీసుకెళ్లారని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. నాగులవంచలో బట్ట బేరం చేసిన కంపెనీయే, అదే తీరంలో, అదే జెండా కింద బానిసల బేరం కూడా చేసిందన్నదే విషయం. మచిలీపట్నంలో వర్తకం, పులికాట్‌లో 1613 నాటి గెల్డ్రియా కోట, దక్షిణాన నాగపట్నం. చరిత్రకారుడు మార్కస్ వింక్ డచ్ రికార్డులు తిరగేసి చూపించిన క్రమం ఒకటుంది. కరువు వచ్చినప్పుడో, దండు వచ్చిపడ్డప్పుడో ఎగుమతి ఒక్కసారిగా పెరుగుతుంది. వానలు పడి, పంట చేతికొచ్చి, రాజ్యం కుదుటపడితే పడిపోతుంది. 1622, 1623ల్లో పులికాట్, దేవనాంపట్నం లాంటి రేవుల నుంచి ఎగుమతైన వాళ్లు దాదాపు 1,900 మంది. చేతిలో సొమ్ముంటే ఇంకో రెండు వేల మందిని కొనేవాళ్లమని కంపెనీ మనుషులే పైకి రాసుకున్నారు. కరువులో అమ్ముడయ్యేది ముందు పిల్లలు. ఆ పిల్లల్లో ఆడపిల్లలుంటారు. కరువు మతం చూసి రాదు.

1687 సెప్టెంబరును పట్టి చూస్తే ఈ చరిత్ర రెండు ముఖాలూ ఒకేచోట కనిపిస్తాయి. ఔరంగజేబు సేనల ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఆ నెలలోనే గోల్కొండ తలుపు లంచానికి తెరుచుకుంది. అబుల్ హసన్ తానీషా బందీ అయ్యాడు. రామదాసును చెరలో పెట్టిన ప్రభువే దౌలతాబాద్ కోటలో ఖైదీగా మిగిలిన ఏళ్లన్నీ గడిపి అక్కడే కన్నుమూశాడు. అతని వెనక జనానాలో ఉన్న బేగంలు, దాదులు, దాసీలు ఎటు చెదిరారో కథ చెప్పేవాళ్లు లేరు. సరిగ్గా అదే నెలలో మద్రాసు సెయింట్ జార్జ్ కోట నుంచి ఇంగ్లీషువాళ్లు 665 మంది బానిసలను ఎగుమతి చేశారు. అప్పటి మద్రాసు గవర్నరు ఎలిహు యేల్. అమెరికాలో పేరున్న ఒక విశ్వవిద్యాలయానికి ఆయన పేరే ఉంది. పేరు ఎవరికి మిగిలిందో, అంకె ఎవరికి మిగిలిందో ఆ ఒక్క నెల చాలు చూడటానికి.

ఓడలు ఎటు వెళ్లాయి? కొన్ని బటావియాకు, కొన్ని సింహళానికి, కొన్ని ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్‌కు. 1652లో డచ్‌వాళ్లు కేప్‌లో స్థిరపడ్డప్పటి నుంచి 1808లో బానిసల దిగుమతి ఆగేదాకా అక్కడికి తెచ్చినవాళ్లు సుమారు 63,000 మందని చరిత్రకారుడు రాబర్ట్ షెల్ లెక్క. వాళ్లలో నాలుగో వంతు మంది హిందూదేశం నుంచి వెళ్లినవాళ్లు. దిగగానే పేరు పోయేది. కొన్నవాడు నెల పేరో, బైబిల్ పేరో తగిలించి, వెనక తెచ్చిన చోటు చేర్చేవాడు. వాన్ బెంగాలెన్ అంటే బెంగాల్ మనిషి. వాన్ డి కుస్త్ అంటే తీరం మనిషి. ఆ తీరం కోరమండల్. కృష్ణా, గోదావరి ముఖద్వారాల నుంచి కావేరి దాకా ఉన్న వేల ఊళ్లు ఆ రెండు ముక్కల్లో ఇరుక్కుపోయాయి.

ఆధారాలు లేవనే మాట నిలబడనిది ఇక్కడే. పులికాట్ ఆడమనిషి ఒకామె ఉంది. కాత్రెయిన్ వాన్ పలియకత్తా అని రాశారు, పెద్ద కాత్రెయిన్ అని పిలిచేవారు. బటావియాలో బానిస. తన మీద చెయ్యెత్తిన మగవాడు ఆమె దెబ్బకు చనిపోతే 1656లో శిక్ష పడింది. ఉరి తప్పి దేశాంతర శిక్షగా మారి 1657లో కేప్‌కు చేరింది. కేప్ రికార్డుల్లో కనిపించే మొదటి ఖైదీ స్త్రీ ఆమే. చాకలి పని చేసింది, తర్వాత విడుదలైంది, బెంగాల్ నుంచి వచ్చిన ఒక స్వేచ్ఛా మనిషిని పెళ్లాడింది. ఇదంతా ఎలా తెలిసింది? కోర్టు కాగితం, పెళ్లి నమోదు, కంపెనీ పద్దు. ఆమె ముస్లిం కాదు, చివరికి చర్చి పుస్తకంలోకే వెళ్లింది. ఆమెను ఇక్కడ తలవడం ఎందుకంటే, బానిసలను కొన్నవాళ్లు రాసుకున్న పద్దుల్లోనే అమ్ముడైనవాళ్ల బతుకు దొరుకుతుందని ఆమె రుజువు చేసింది. ఆ పద్దులు తీసి చదివినవాళ్లకు ఆమె దొరికింది. తీయనివాళ్లు ఆధారాలు లేవంటున్నారు.

ఇక్కడ ఒక అడ్డుప్రశ్న వస్తుంది, రావాలి కూడా. తీరం నుంచి పోయిన ఆడవాళ్లు ముస్లింలని ఎలా అంటారు? వాళ్లలో మాలలు, పల్లెకారులు, నేతవాళ్లు, ఎవరైనా ఉండొచ్చు కదా? ఉండొచ్చు, ఉన్నారు. అయితే ఓడ ఎక్కినప్పటి మతం వేరు, దిగిన చోట పిల్లలకు చెప్పుకున్న మతం వేరు. కేప్‌లో బాప్తిస్మం పొందిన బానిసను అమ్మరాదన్న నిబంధన వచ్చేసరికి యజమానులు తమ బానిసలను చర్చికి పంపడం మానుకున్నారు. చర్చి మూసిన తలుపు పక్కనే ఇంకో తలుపు తెరిచి ఉంది. ఇండోనేషియా దీవుల నుంచి కంపెనీ దేశాంతరం పంపిన ముస్లిం పండితులు అక్కడికి చేరారు. 1694లో మకస్సార్ షేక్ యూసుఫ్, 1780లో తువాన్ గురు. రాబెన్ దీవిలో ఖైదీగా ఉండి ఖురాన్‌ను జ్ఞాపకం మీదే రాసినవాడు తువాన్ గురు. కంపెనీ ఏలుబడిలో ఇస్లాం బహిరంగంగా పాటించడం నేరం. 1804లో గానీ ఆ నిషేధం పోలేదు. అంటే కేప్‌లో ముస్లిం అయిన ఆడమనిషి ఏలినవాడి మతంలోకి వెళ్లలేదు. ఏలినవాడు నిషేధించిన మతంలోకి వెళ్లింది. ఇస్లాం అంటే కత్తి, సింహాసనం అన్న మాటకు ఇంతకన్నా గట్టి జవాబు ఏ వాదనలోనూ దొరకదు. బానిసల కొట్టంలో, వంటింట్లో, పేరు కూడా తనది కాని ఆడమనిషి తనకంటూ ఎంచుకున్న ఒకే ఒక్కటి అది.

కేప్ టౌన్ బోకాప్‌లో డార్ప్ వీధిలో అవ్వల్ మసీదు ఉంది. దక్షిణాఫ్రికాలో మొదటి మసీదు. దాని మొదటి ఇమాం తువాన్ గురు, ఆ సంగతి అక్కడి పిల్లలందరికీ తెలుసు. మసీదు నిలబడ్డ స్థలం మాత్రం ఒక ఆడమనిషిది. సింహళం నుంచి బానిసగా వచ్చి విడుదలైన కోరిడాన్ 1794లో ఆ స్థలం కొన్నాడు. అతని కూతురు సార్కీ వాన్ డి కాప్. ఆమె దాన్ని మసీదుకు ఇచ్చి, ఎప్పటికీ మసీదుకే ఉండాలని వీలునామా రాసింది. ఆమె భర్త బెంగాల్‌కు చెందిన అక్మత్, తర్వాతి కాలంలో అక్కడ ఇమాం అయ్యాడు. షేక్ యూసుఫ్ సమాధికి యాత్రలు చేసే సమాజం, తువాన్ గురు చేతిరాత ఖురాన్‌ను కళ్లకద్దుకునే సమాజం, సార్కీని చాలాకాలం మసీదు కథలో పక్క వాక్యంగానే ఉంచింది. కేప్ కవయిత్రి, అధ్యాపకురాలు గబేబా బదరూన్ 2014లో వచ్చిన ‘రిగార్డింగ్ ముస్లిమ్స్’ గ్రంథంలో ఈ మరుపునే నిలదీసింది. కేప్ ముస్లింల వంటను మెచ్చుకొని లొట్టలేసేవాళ్లు ఆ వంట పుట్టింది బానిస ఆడవాళ్ల చేతుల్లోనని తలవరని, బానిస ఆడవాళ్ల మీద జరిగిన లైంగిక హింసను సమాజం సిగ్గుగా కప్పిపెట్టిందని ఆమె చూపించింది.

ఆ మాట హైదరాబాద్‌కూ సూటిగా తగులుతుంది. నిజాం కాలంలో వనపర్తి సంస్థానం నుంచి వచ్చిన ఆఫ్రికన్ అంగరక్షక దళం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌గా మారింది. మాసాబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అన్న పేటకు ఆ పేరు అలా వచ్చిందే. బస్సులో ఆ స్టాపు చెప్పేవాళ్లలో చాలామందికి ‘ఏసీ’ అంటే ఏమిటో తెలియదు. ఇథియోపియా పరిశోధకుడు అబాబు మిందా యిమెనె ఇక్కడి సిద్దీల మీద 2004లో ఒక గ్రంథం తెచ్చాడు. ఆఫ్రికా నుంచి వచ్చి చూసినవాడికి కనిపించిన మనుషులు పక్క పేటవాళ్లకు కనిపించలేదు. కనిపించిన కాస్త కూడా మగవాళ్లే: గుర్రం మీద అంగరక్షకుడు, పెళ్లి బరాతులో మర్ఫా వాయించేవాడు. మర్ఫా దరువు లేకుండా హైదరాబాద్‌లో పెళ్లి ఊరేగింపు కదలదు, హిందువుల ఇళ్లలోనూ మోగుతుంది. ఆ దరువు వాయించినవాళ్ల తల్లులు, దేవిడీల్లో నవాబు పిల్లల్ని ఎత్తుకు పెంచిన హబ్షీ ఆడవాళ్లు ఏ ఫొటో కింద పేరుగానూ లేరు. గుర్రంతో దిగిన ఫొటో ఉంది, ఉయ్యాల ఊపిన ఫొటో లేదు.

ఈ మరుపులో ముస్లిం సమాజానికీ భాగం ఉంది. ఆ మాట అనకపోతే ఈ వ్యాసం సగమే నిజం చెప్పినట్టు. అరబ్బు నుంచి వచ్చాం, ఇరాన్ నుంచి వచ్చాం అని వంశవృక్షం చూపించుకునే ఇళ్లలో తల్లివైపు కొమ్మ తరచూ ఖాళీగా ఉంటుంది. దేవిడీలో పుట్టిన దాసీ బిడ్డను ఖానాజాద్ అన్నారు, ఇంట్లో పుట్టినవాడని అర్థం. ఎవరికి పుట్టాడో చెప్పకుండా ఎక్కడ పుట్టాడో చెప్పే మాట అది. ఆ తల్లిని దాచింది పరదా కాదు. వారసత్వం లెక్కలు దాచాయి, పరువు దాచింది. హిందూ చరిత్రకారులు ఆమెను నవాబుల లెక్కలో వేసి వదిలేస్తే, ముస్లిం కుటుంబ చరిత్రలు ఆమెను దాసీల లెక్కలో వేసి వదిలేశాయి. రెండు వైపుల నుంచీ తలుపు పడింది.

పడిన తలుపును తోసుకొచ్చిన ఒక్కరిద్దరిని కూడా తెలుగు పాఠకుడికి తప్పుడు పేరుతోనే పరిచయం చేశారు. మహ్ లఖా బాయి చందా 1768లో పుట్టి 1824లో పోయింది. ఉర్దూలో దివాన్, అంటే కవితా సంపుటి, కూర్చిన తొలి కవయిత్రుల్లో ముందు వరుస ఆమెది, 1798 నాటికే అది పూర్తయింది. మౌలాలి గుట్ట కింద తల్లికి కట్టించిన సమాధి ఆవరణలోనే ఆమె కూడా నిద్రపోతోంది. ఇంత తెలిసినా, ఆమె పేరెత్తగానే వచ్చే మాట ‘తవాయిఫ్’, అంటే ఆడిపాడే వెలయాలు. ఆ మాట వెనకున్న దారిని ఎవరూ తొక్కరు. ఆమె అమ్మమ్మ గుజరాత్‌లో మొగుడు వదిలేసి పారిపోతే బిడ్డల్ని వెంటేసుకొని ఊరు విడిచింది. ఆటపాటల మేళంలో చేరి పొట్ట పోసుకుంది. బుర్హాన్‌పూర్, ఔరంగాబాద్ మీదుగా దండు వెంట నడిచి ఆ కుటుంబం హైదరాబాద్ చేరింది. మూడు తరాల దేశాంతరం అది. జాగీరు సంపాదించుకున్నాక ఆమె పెంచిన ఆడపిల్లల్లో తల్లిదండ్రులు అమ్ముకున్నవాళ్లూ, దిక్కులేనివాళ్లూ ఉన్నారు. ఆ పిల్లలు ఆమె దగ్గర పాట నేర్చారు, చదువు నేర్చారు. అది విడుదలా, ఇంకో రకం చెరా అన్నది గంభీరమైన ప్రశ్న. తవాయిఫ్ అన్న ఒక్క మాటతో ఆ ప్రశ్నను కొట్టిపారేయడం చరిత్ర రాయడం అనిపించుకోదు.

పల్లెల్లో మాత్రం ఈ మరుపు అంత గట్టిగా లేదు. ఖమ్మం జిల్లాలో పీర్లు లేపని ఊరు అరుదు. మొహర్రం వచ్చిందంటే పీర్ల కొట్టం ముందు అలావా తవ్వి నిప్పు వేస్తారు. కులం అడక్కుండా అందరూ దాని చుట్టూ ఆడతారు. దట్టీలు కడతారు, మలీద పంచుతారు. క్రీ.శ. 680లో కర్బలాలో ఇమాం హుసేన్ చనిపోయాక మిగిలింది ఆడవాళ్లూ పిల్లలూ. వాళ్లను బందీలుగా కూఫాకు, అక్కడి నుంచి డమాస్కస్‌కు నడిపించారు. ఖలీఫా యజీద్ కొలువులో నిలబడి హుసేన్ చెల్లెలు జైనబ్ మాట్లాడింది. కర్బలాలో ఏం జరిగిందో లోకానికి తెలిసింది ఆ బందీ ఆడమనిషి నోటి నుంచే. హుసేన్ తల్లి బీబీ ఫాతిమా పేరుతో పీరు ఎత్తుకునే మాదిగ, గొల్ల, చాకలి కుటుంబాలు చెరపట్టిన ముస్లిం ఆడవాళ్ల దుఃఖాన్ని ఏటా తమ వాకిట్లోకి తెచ్చుకుంటున్నాయి. పల్లె ఆడవాళ్లు ఆ పీరు ముందు బిడ్డను పడుకోబెట్టి మొక్కుతారు. ముస్లిం ఆడవాళ్ల చెర తెలుగు జ్ఞాపకంలో లేదనేవాళ్లు ఒక్క మొహర్రం రాత్రి ఏ పల్లెలోనైనా అలావా దగ్గర నిలబడి చూడాలి.

ఇటీవలి కాలానికి వచ్చినా ఇదే తీరు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక హైదరాబాద్ సంస్థానంలో ముస్లింల మీద జరిగిన హింసను చూసి రమ్మని కేంద్రం పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. కనీసం 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని ఆ బృందం అంచనా. ఆడవాళ్లను ఎత్తుకుపోవడం, చెరచడం, మానం కాపాడుకోవడానికి బావుల్లో దూకడం, అన్నీ ఆ నివేదికలో ఉన్నాయి. మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల్లో తీవ్రత ఎక్కువ. అంతకు ముందు రజాకార్లు తెలంగాణ పల్లెల్లో చేసిన దౌర్జన్యాలూ, దొరల గడీల్లో ఆడబాపలుగా, అంటే దాసీలుగా, నలిగిన ఆడపిల్లల బతుకులూ అంతే నిజం. ఒకదాన్ని చెప్పడానికి ఇంకొకటి దాచక్కర్లేదు. కానీ రజాకార్ల కథ అప్పటి నుంచే చెప్పుకొన్నాం. సుందర్‌లాల్ నివేదిక 2013 దాకా జనం చేతికి రాలేదు. అరవై అయిదేళ్లు ఒక నివేదికను మూసిపెట్టి, ఆ తర్వాత ఆధారాలేవని అడగడం న్యాయం కాదు.

ఆధారం ఎలా పుట్టించాలో తెలుగులోనే ఒక పుస్తకం దారి చూపింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ పోరాటంలో నడిచిన ఆడవాళ్ల దగ్గర కూర్చొని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు విని రాసుకున్నారు. హైదరాబాద్ అభ్యుదయ ఉద్యమంలో తిరిగిన జమాలున్నీసా బాజీ, రజియా బేగం ఆ పుస్తకంలో తమ మాట తామే చెప్పారు. పరదా గురించి కూడా చెప్పారు. పరదా వాళ్ల నోరు మూయలేదు. బాజీ నూరేళ్లు దాటి బతికి 2016లో పోయింది. ఆ నూరేళ్లలో ఎంతమంది చరిత్ర శాఖలవాళ్లు ఆమె గుమ్మం తొక్కి ఉంటారు?

కాబట్టి చేయాల్సిన పని కొండంత కాదు. నేలకొండపల్లిలో రామదాసు మందిరానికి వచ్చే విద్యార్థులను అదే రోజు నాగులవంచ కూడా తీసుకెళ్లవచ్చు. రామదాసు కాలపు గోల్కొండను పాఠంలో చెప్పేటప్పుడు మచిలీపట్నం రేవు, ఓడల్లో ఎక్కించిన ఆడపిల్లలు కూడా ఆ పాఠంలోకి రావచ్చు. హావర్ట్ గ్రంథం తెలుగులోకి రావాలి. కేప్ టౌన్ రికార్డుల్లో వాన్ డి కుస్త్ అన్న ప్రతి పేరూ తెలుగు విశ్వవిద్యాలయాల్లో ఒక పరిశోధకురాలి బల్ల మీదకు రావాలి. ఏసీ గార్డ్స్‌లో, ఖమ్మం ఖిల్లా కింద, దూదేకుల ఇళ్లలో ఇప్పుడు ఎనభై దాటిన అవ్వలున్నారు. నాయనమ్మ పేరేమిటి, ఎక్కడి నుంచి వచ్చిందని వాళ్లను ఎవరో ఒకరు అడగాలి, ఈ ఏడే అడగాలి.

కేప్ టౌన్‌లో మిలాద్ రోజు ఆడవాళ్లు మసీదులో కూర్చొని నారింజ ఆకులు సన్నగా తరుగుతారు. వాటికి సువాసన నూనె పట్టించి, రంగు కాగితాల్లో చిన్న పొట్లాలు కట్టి పంచుతారు. బానిసల కాలం నుంచి వస్తున్న ఆ పొట్లాలను రాంపీస్ అంటారు. తల్లి తరుగుతుంటే కూతురు చూసి నేర్చుకుంటుంది. ఆ వరుసలో కూర్చున్న వాళ్లలో కొందరి ముత్తవ్వలు కోరమండల్ నుంచి వెళ్లినవాళ్లు. వాళ్లను కొన్న రోజు పద్దు రాసినవాడు ధర రాశాడు, వయసు రాశాడు, తీరం నుంచి అని రాశాడు. ఏ ఊరని అడగలేదు.